వెతికిన పాటల జాబితాలో రాసినవారి పేరేది?

సంపాదకులకు నమస్కారం.

ఏడాది చివరికి వచ్చేసరికి ‘నెట్‌లో జనం తెగ వెతికిన పాటలు’ అంటూ పత్రికలు ఒక జాబితా వేస్తాయి. మీ పత్రికలోనూ వస్తుంది. పాట పేరు, పక్కన హీరో హీరోయిన్ల ఫొటో, కింద వ్యూస్ ఎన్ని కోట్లో. అక్కడితో సరి. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు అన్న మూడు ముక్కలు మాత్రం ఉండవు. అవి లేకపోబట్టే చదివినవాళ్లు మళ్లీ ఫోను పట్టుకుని వెతుక్కోవాల్సి వస్తోంది. వెతికితే చాలాసార్లు దొరికేది వేరే పాట, లేదా అదే పాట తప్పుల సాహిత్యంతో. జాబితాలో ప్రతి పాట కిందా ఒక్క వరుస వివరాలు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ వరుసలో ఏముండాలో, ఎందుకుండాలో చెప్పాలంటే తెలుగు పాటను నెట్‌లో వెతకడంలో ఎక్కడెక్కడ దారి తప్పుతామో ముందు చెప్పుకోవాలి.

మొదట జాబితా సంగతే చూద్దాం. ఏడాది చివర గూగుల్ ఇచ్చే ‘ట్రెండింగ్’ జాబితాను మనం ‘ఎక్కువగా వెతికినవి’ అని అనువదించేస్తున్నాం. ఆ రెండూ ఒకటి కాదు. ముందటి ఏడాదితో పోలిస్తే ఒక్కసారిగా ఎగబాకిన వెతుకులాటలు ట్రెండింగ్‌లోకి వస్తాయి. ఏటా ఒకే తీరుగా వెతికే అన్నమయ్య కీర్తన, రామదాసు కీర్తన, పెళ్లిపాట, బతుకమ్మ పాట ఎంతమంది వెతికినా అందులోకి రావు, ఎందుకంటే వాటిలో ఎగబాకడం అంటూ ఉండదు. ఇక వ్యూస్ లెక్క మరో దారి. ఒకే మనిషి పదిసార్లు విన్నా, ఒక పాట అయ్యాక ఇంకో పాట దానంతటదే మొదలైనా, ప్రకటనగా వేసినా ఆ అంకె పెరగొచ్చు. వెతికారనడానికి అది సాక్ష్యం కాదు. శీర్షిక పెట్టేటప్పుడు ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి.

ఏ మాటను ఎప్పుడు ఎంతగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో ఎవరైనా స్వయంగా చూసుకోవచ్చు. 2004 నుంచి సమాచారం ఉంది. అయితే అక్కడ కనిపించే 0 నుంచి 100 దాకా ఉన్న అంకెలు మనుషుల లెక్క కాదు. ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో ఆ మాట ఎప్పుడు శిఖరాన ఉందో దాన్ని 100గా పెట్టి మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తారు. 0 అంటే ఎవరూ వెతకలేదని కాదు, లెక్కకు చాలినంత సమాచారం లేదని. తెలుగు పాటకు తరచూ 0 రావడానికి అసలు కారణం వేరే ఉంది. అది మన అక్షరక్రమం.

అన్నమయ్య ‘నానాటి బతుకు నాటకము’ తీసుకోండి. తెలుగు లిపిలోనే నాలుగు రకాలుగా కనిపిస్తుంది. కొందరు ‘బతుకు’ అంటారు, కొందరు ‘బ్రతుకు’ అంటారు. కొందరు ‘నాటకము’ అని రాస్తే కొందరు ‘నాటకం’ అని ఆపేస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ‘నానాటి’లో రెండు దీర్ఘాలున్నాయి, ఒక్కోదానికీ ‘ఎ’ రెండుసార్లు కొట్టొచ్చు, ఒకసారితో సరిపెట్టొచ్చు: నాలుగు రకాలు. ‘బతుకు’లో ‘ఆర్’ పెట్టొచ్చు, మానొచ్చు. ‘టి’ పక్కన ‘హెచ్’ చేర్చొచ్చు, వదిలేయొచ్చు: మరో నాలుగు. ‘నాటకము’లో దీర్ఘం ఒక చిక్కు, చివరి ‘యు’ ఇంకో చిక్కు: ఇంకో నాలుగు. నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల 64. మూడు మాటల పల్లవికి 64 స్పెల్లింగులు! అన్నీ వాడుకలో ఉండకపోవచ్చు గానీ పదో పరకో ఉన్నా వెతుకులాట అన్ని ముక్కలవుతుంది. ట్రెండ్స్ ఒక్కో స్పెల్లింగునూ ఒక్కో మాటగా లెక్కేస్తుంది. ఇంగ్లిష్ పాటకు ఇంత చీలిక ఉండదు. మన పాట జాబితాలో వెనకబడితే జనం వెతకలేదని అనుకోకూడదు.

ట్రెండ్స్‌లో దీనికి ఉపాయం ఉంది. ఒకే పెట్టెలో స్పెల్లింగుల మధ్య ప్లస్ గుర్తు పెడితే వాటన్నింటినీ కలిపి ఒకే గీతగా చూపిస్తుంది. తెలుగు లిపి రూపం కూడా అందులోనే చేర్చాలి. అలా ఐదు పాటల దాకా పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. జాబితా తయారుచేసే విలేకరులు కనీసం ఈ పని చేసి చూడాలి.

పాట సాహిత్యం వెతికేవాళ్లు తెలుగు లిపిలో కొట్టడమే మేలు. అయినా కొన్ని చిక్కులు తప్పవు. మాట మొదట్లో ‘ఎ, ఏ’లకు బదులు ‘యె, యే’ రాసేవాళ్లున్నారు; ‘ఒ’కు బదులు ‘వొ’ రాసేవాళ్లున్నారు. ‘ఎంత’ దొరకకపోతే ‘యెంత’తో, ‘ఒక’ దొరకకపోతే ‘వొక’తో చూడాలి. పాత పాటల్లో కొత్త, పొద్దు, బతుకు లాంటి మాటలు క్రావడి పెట్టుకుని క్రొత్త, ప్రొద్దు, బ్రతుకు అయి ఉంటాయి. కొటేషన్ మార్కుల మధ్య పెట్టి వెతికితే ఉన్నదున్నట్టుగా ఆ మాటల కోసమే చూస్తుంది కాబట్టి ఈ తేడాలు అక్కడే దెబ్బతీస్తాయి. కొటేషన్‌లో నాలుగు మాటలు మించి పెట్టొద్దు, సంధి కలిసిన మాటను అందులోకి తేవొద్దు. పాడేటప్పుడు రెండు మాటలు కలిసిపోతాయి, తాళం కోసం ఒక మాట మధ్యలో విరుగుతుంది. చెవికి వినబడిన విరుపు కాగితం మీది విరుపు కాదు. చరణం మధ్యలో స్పష్టంగా వినబడ్డ రెండు మూడు అరుదైన మాటలు చాలు. ‘ప్రేమ’, ‘మనసు’, ‘గుండె’ లాంటివి వేస్తే వేల పాటలు వచ్చి పడతాయి.

ఇంకో చిక్కు కంటికే కనబడదు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో ఒక కనబడని గుర్తు పెడతారు. అది ఉన్న మాటా లేని మాటా కంప్యూటర్‌కు వేర్వేరు. పేజీలో పాట ఎదురుగా కనిపిస్తున్నా ‘ఫైండ్’ కొడితే లేదంటుంది. అలాంటప్పుడు పొల్లు ఉన్న మాటను వదిలి పక్క మాటతో వెతకాలి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే కంప్యూటర్ ప్రమాణమైన యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కూర్చిన పాటలైతే వెతుకులాటకు అసలే అందవు, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు.

పేర్ల కలగాపులగం ఇంకా పెద్ద తంటా. ‘సామజవరగమన’ అని కొడితే ఏం రావాలి? హిందోళ రాగంలో త్యాగరాజ కృతి ఉంది. ఆ పల్లవే 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో వినిపిస్తుంది. 2020లో విడుదలైన ‘అల వైకుంఠపురములో’ కోసం సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా తమన్ సంగీతంలో సిద్ శ్రీరామ్ పాడిన పాట ఉంది. 2023లో అదే పేరుతో ఒక సినిమాయే వచ్చింది. పేరొక్కటే వేసి ‘జనం వెతికారు’ అంటే దేన్ని వెతికారు? కృతి కావాలనుకునేవాళ్లు పక్కన ‘త్యాగరాజ’, ‘హిందోళం’ చేర్చాలి. అక్కర్లేని మాటకు ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు అంటిస్తే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. సినిమా పేర్లదీ ఇదే గొడవ. ‘దేవదాసు’ అంటే 1953, 1974, 2006. ‘మల్లీశ్వరి’ అంటే 1951, 2004. ‘తొలిప్రేమ’ అంటే 1998, 2018. ‘ఖుషి’ అంటే 2001, 2023. ‘శంకరాభరణం’ అయితే రాగం కూడా. సంవత్సరం లేని సినిమా పేరు సగం చిరునామా.

ఆ సంవత్సరం కూడా పాటల యాప్‌లో చూసి రాయకూడదు. యాప్‌లో ఆల్బమ్ పక్కన ఉండేది చాలాసార్లు ఆ ఆల్బమ్‌ను డిజిటల్‌గా ఎక్కించిన తేదీ. నలుపు తెలుపు కాలం పాటకు 2000 తర్వాతి సంవత్సరం కనబడేది అందుకే. రికార్డింగులకు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు కోడ్ ఉంటుంది, అందులో 6, 7 స్థానాల్లో ఉండే రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. కానీ అది కోడ్ ఇచ్చిన సంవత్సరం, పాట పాడిన సంవత్సరం కాదు. నమ్మదగినవి పాత పాటల పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డుల లేబుళ్లు, సినిమా టైటిల్స్. హాలు దగ్గర అమ్మిన ఆ చిన్న పాటల పుస్తకంలో కథాసంగ్రహం, పాటలు, రాసినవారి పేర్లు అన్నీ ఉండేవి. రేడియోలో పాట వేసే ముందు సినిమా, రచన, సంగీతం, గానం నాలుగూ చదివేవారు. పాట వినేవాళ్లకు రచయిత పేరు నోటికి వచ్చిందంటే ఆ అలవాటు చలవే. యూట్యూబ్‌లో కూడా కంపెనీలు నేరుగా ఎక్కించిన ఆడియోలకు కింద వివరణలో స్వరకర్త, గీత రచయిత పేర్లు ఉంటాయి, కాకపోతే ‘మరిన్ని’ నొక్కి చూడాలి.

మాటలు గుర్తులేక వరుస మాత్రమే గుర్తున్నవాళ్లకు కూనిరాగం తీసి వెతికే వీలు 2020 అక్టోబరులో గూగుల్ తెచ్చింది. మైకు గుర్తు నొక్కి, పాట వెతకమని ఎంచుకుని, 10 నుంచి 15 సెకన్లు హమ్ చేయాలి. ఎంత శాతం కలిసిందో చూపిస్తూ పాటలు ఇస్తుంది. వాయిద్యాలను, గొంతు తీరును పక్కనపెట్టి స్వరాల ఎత్తుపల్లాలను అంకెల వరుసగా మార్చి పోల్చుతుంది కాబట్టి శ్రుతి తప్పినా ఫర్వాలేదు, వరుస తప్పకూడదు. పల్లవి తీయండి, మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్ తీయొద్దు. గమకాలు వేయకుండా, సాగదీయకుండా తీయండి. ‘నననా’ అనడమే మేలు. పాటలు గుర్తుపట్టే షజామ్ యాప్ పని వేరు. అది రికార్డయిన ధ్వనికి వేలిముద్ర తీసి పోలుస్తుంది. స్పీకర్లో పాట మోగుతుంటే ఇట్టే పట్టేస్తుంది గానీ మనం కూనిరాగం తీస్తే పట్టలేదు. రీల్స్‌లో వేగం పెంచిన, శ్రుతి మార్చిన ముక్కల దగ్గర షజామ్ తడబడేదీ అందుకే. వేలిముద్రే మారిపోతుంది మరి. రీల్ కింద ‘ఒరిజినల్ ఆడియో’ అని ఉంటే అది ఎక్కించినవాళ్ల మాట, పాట పేరు కాదు.

డబ్బింగ్ పాటకు హమ్ చేస్తే అసలు భాష పాట వస్తుంది, వరుస ఒకటే గదా. దాన్ని పట్టుకుని సినిమా పేరు తెలుసుకుని తెలుగు రూపం వెతుక్కోవచ్చు. అయితే ఇక్కడే రచయిత పేరు గల్లంతవుతుంది. ‘రోజా’ పాటలు తమిళంలో వైరముత్తు రాశారు, తెలుగులో రాజశ్రీ రాశారు. తెలుగు పాట పక్కన తమిళ కవి పేరు పెట్టి వదిలేస్తే పెదవుల కదలికకు, అప్పటికే కట్టిన బాణీకి తెలుగు మాటలు అతికించిన రాజశ్రీ శ్రమ ఎవరికీ కనబడకుండా పోతుంది.

దొరికిన సాహిత్యం సరైనదేనా అన్నది అన్నింటికంటే ముఖ్యం. ఒక సైటులో పడ్డ తప్పు పది సైట్లకు పాకుతుంది. విని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ తప్పులు అందుకు తోడు. ఇప్పుడు చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అది తెలియని చరణాన్ని తెలిసినంత ధీమాగా అల్లి ఇస్తుంది. రికార్డింగు పెట్టుకుని వరుస వరుసకూ ఆపి సరిచూడటం ఒక పద్ధతి. కీర్తనలకు అంతకన్నా గట్టి కొలత పాటలోనే ఉంది. అదే ప్రాస. ‘నానాటి బతుకు నాటకము’ తర్వాతి పాదం ‘కానక కన్నది కైవల్యము’. నానాటి, కానక: రెండో అక్షరం రెండుచోట్లా నకారమే. మొదటి చరణంలో పాదాల మొదళ్లు చూడండి: పుట్టుట, నట్టనడిమి, ఎట్టనెదుట, కట్టగడపట. నాలుగింటా ‘ట్ట’. ఎవరైనా ‘ఎదుట గలది’ అని రాసి ఉంటే ‘ట్ట’ పోయింది, అంటే మాట ఎగిరిపోయిందన్నమాట. చివరి చరణంలో తెగదు, నగి, ఎగువ, గగనము: అన్నిచోట్లా గకారం. అర్థం తెలియకపోయినా ఈ ఒక్క కొలతతో తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించొచ్చు.

కీర్తన ఎవరిదో తేల్చడానికి ముద్ర చూడాలి, అంటే పాటలో కవి సంతకంలా పెట్టుకునే మాట. వేంకటేశ్వరుడి పేరు వస్తే అన్నమయ్య వైపు, ‘త్యాగరాజ’ వస్తే త్యాగరాజు వైపు, ‘మువ్వగోపాల’ వస్తే క్షేత్రయ్య వైపు, భద్రాద్రి రాముడితో ‘రామదాసు’ వస్తే భద్రాచల రామదాసు వైపు. పైన చెప్పిన కీర్తనలో ‘శ్రీవేంకటేశ్వరుడేలిక’ అన్నది చివరి చరణంలోనే ఉంది. సగం పాట మాత్రమే పెట్టే పేజీల్లో ముద్ర ఉండదు, రాముడి పాటలన్నీ త్యాగరాజుకో రామదాసుకో అంటగట్టేది ఆ పేజీల్లోనే. ముద్ర ఒక్కటే చూసి తీర్పు చెప్పడానికీ లేదు, ఒకే దేవుణ్ణి ఎందరో పాడారు. భాష కూడా చూడాలి.

అన్నమయ్య కీర్తనకు రచన ఒకటి రాస్తే సరిపోదు. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ ఎలా పాడాలో స్వరాలు లేవు. ఈరోజు వినే వరుసలు చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ‘నానాటి బతుకు’ను రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. అదే కీర్తన ఇంకొకరు ఇంకో వరుసలో పాడితే అదీ తప్పు కాదు. హమ్ చేసి వెతికితే పొంతన లేని ఫలితాలు వచ్చేది ఇందుకే. కాబట్టి ‘స్వరకల్పన’ అని విడిగా వేయాలి.

జానపదానికీ ఇలాంటి పట్టింపే కావాలి. ‘సారంగదరియా’ జనం నోట ఉన్న పల్లవి, దాని మీద సినిమాకు పాట అల్లింది సుద్దాల అశోక్ తేజ. ఇలాంటిచోట ‘జానపద పల్లవి ఆధారంగా’ అన్న మూడు మాటలు చేర్చాలి. ఊళ్లో ఎవరో పాడితే రాసుకుని తెచ్చినవాళ్లుంటే ‘సేకరణ’ అని వారి పేరు వేయాలి. రచన వేరు, సేకరణ వేరు.

ఈ పేర్ల కోసం ఇంత పట్టుబట్టడం ఎందుకంటారా? 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక ఎక్కి ప్రతిమ అందుకున్నది ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్. ఒరిజినల్ పాట విభాగంలో ఆ బహుమతి ఇచ్చేది బాణీ కట్టినవారికి, మాట రాసినవారికి. ఇంటి దగ్గర మన జాబితాల్లో లేని పేర్లు అవే. చట్టమూ ఊరుకోలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం తన రచన తనదని చెప్పుకునే హక్కు రచయితది. హక్కులు అమ్మేసినా అది పోదు. 2012 సవరణతో సినిమా పాట హాలు బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు హక్కులు కొన్నవారితో సమానంగా వాటా దక్కింది. పేరు సరిగ్గా నమోదు కాని పాటకు ఆ డబ్బు చేరాల్సిన చోటికి చేరడం కష్టం.

పూర్తి సాహిత్యం అచ్చు వేయమని అడగడం లేదు. రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా దానికి అనుమతి కావాలి. అడిగేది ఇంతే: మనసున మల్లెల. మల్లీశ్వరి, 1951. రచన: దేవులపల్లి కృష్ణశాస్త్రి. సంగీతం: సాలూరి రాజేశ్వరరావు. గానం: భానుమతి. రెండు అంగుళాల చోటు కూడా పట్టదు. పల్లవి మాటలు తెలుగు లిపిలో ఉండాలి. ఇ-పేపర్‌లో పేజీ బొమ్మగా మాత్రమే కాకుండా వెతికితే దొరికే అక్షరాలుగానూ ఉండాలి. పొరపాటు పడితే మర్నాడు అచ్చులో సవరణ వేయడంతో ఆపకుండా నెట్‌లో ఉన్న పాత పేజీని కూడా దిద్దాలి. మిగతా సైట్లు కాపీ చేసేది ఆ పేజీనే.

ఇట్లు,
పాటల సాహిత్యం సరిచూసే ఒక పాఠకుడు